పార్కు స్టాపులో దిగని డాక్టరు

పళ్ళ డాక్టరుగారికి తన స్టాపులో దిగే అలవాటు లేదు. అంత చదువు చదివిన మనిషి, వంకర దవడలు సవరించి ఊళ్ళో సగంమంది నవ్వులు తీర్చిదిద్దిన మనిషి, సాయంత్రం అయిదూ నలభై బస్సెక్కితే పార్కు స్టాపులో దిగాలన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోలేడు. కారణం ఒక్కటే. బస్సులో ఎవరైనా నిద్రపోతూ కనబడితే చాలు, పక్కన చేరి, చేతి వాచీ విప్పి అరచేతిలో పెట్టుకుని, వాళ్ళ ఊపిరి లెక్కపెడతాడు. లెక్క తేలేదాకా లేవడు. తేలేసరికి పార్కు ఎక్కడో వెనక ఉండిపోతుంది.

ఈ అలవాటు వల్ల ఆయన తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి కునుకు తీస్తున్న పోలీసాయన మీదికి వంగి చూస్తుంటే ఆయనకి మెలకువ వచ్చింది.

"ఏంటి, జేబు కోసమా?"

"కాదండీ, గొంతు కోసం" అన్నాడు డాక్టరుగారు.

ఆ మాట ఇంకోలా చెప్పి ఉండాల్సిందని స్టేషన్లో కూర్చున్నాక తట్టింది ఆయనకి.

క్రేనన్నకి ఆయన పరిచయమైంది కూడా అలాగే. క్రేనన్న రేవులో క్రేను నడిపేవాడు. ఇరవై రెండేళ్ళుగా పదంతస్తుల ఎత్తున, చిన్న గాజుగదిలో కూర్చుని, ఓడల మీంచి ఇనుప పెట్టెలు దింపేవాడు. కింద అందరూ చీమల్లా కనబడతారు గనక ఎవరి మీదా కోపం రాదని చెప్పేవాడు. ఆ రోజు పని అయిపోయి బస్సులో ఇంటికి పోతుంటే ఎవరో భుజం తట్టారు.

"నిమిషంలో ఇరవై రెండు సెకన్లు మీరు ఊపిరే తీసుకోలేదు" అన్నాడు పక్కనున్న కొత్త మనిషి, వాచీ చూపిస్తూ.

"నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నా."

"ఆలోచించడానికి గురకెందుకండీ?"

"అసలు మీరెవరు?"

"పళ్ళ డాక్టర్ని."

"నా పళ్ళు బాగానే ఉన్నాయి."

"పళ్ళు బాగానే ఉన్నాయి, పై దవడే ఇరుకు. నోరు తెరిచి పడుకున్నారుగా, చూశాను. నాలుకకి లోపల చోటు చాలక గొంతుకి అడ్డం పడుతోంది. గాలి ఆగిపోతోంది." డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూసి ఉలిక్కిపడ్డాడు. "అయ్యో! మీవల్ల నా స్టాపు దాటిపోయింది!"

క్రేనన్న ఇంటికెళ్ళి భార్యకి చెప్పి కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వు నాలుగు రోజులే. అయిదో రోజు గాజుగదిలో కునుకు పట్టింది. పెట్టె ఒకటి గాల్లో అర నిమిషం ఊగుతూ నిలిచిపోయింది. కిందివాళ్ళు మెడలు పైకెత్తి పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ సేఫ్టీ ఆఫీసరు ఆయన్ని కిందికి దింపి నిద్ర పరీక్షకి పంపాడు. గంటకి ముప్ఫై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందని కాగితం వచ్చింది.

"ఆర్నెల్ల టైమిస్తున్నా. ఈ అంకె పదిలోపుకి వస్తే మళ్ళీ పైకి. లేదంటే రిటైరయ్యేదాకా గేటే" అన్నాడు ఆఫీసరు.

ఇరవై టన్నుల పెట్టెలు ఎత్తిన మనిషికి సైకిళ్ళ కోసం అడ్డకర్ర ఎత్తే పని పడింది. గేటు దగ్గర కూర్చుంటే క్రేను నిండుగా కనబడేది. తన కుర్చీలో ఇంకెవడో! గాలి పంపే మాస్కు ఇచ్చారు గానీ, రోజూ నిద్రలో పీకి పారేసేవాడు. పొద్దున్నే దాన్ని మంచం కింద వెతకడం భార్యకి ఒక పనైపోయింది. చివరికి సిగ్గు చంపుకుని పళ్ళ డాక్టరు క్లినిక్ మెట్లెక్కాడు.

డాక్టరుగారు ఆయన అంగిలికి ఇనుప సాలీడులాంటి పరికరం బిగించాడు. దాని నడుమ ఒక మర. రోజుకోసారి చిన్న తాళంచెవితో తిప్పితే అంగిలి వెంట్రుకవాసి విచ్చుకుంటుంది.

"పిల్లలకైతే సులువు. మీ వయసులో ఎముక మొండికేస్తుంది, అందరికీ పనిచేయదు కూడా. మీకు చేస్తుందనే నా నమ్మకం" అని తాళంచెవిని క్రేనన్న భార్య చేతిలో పెట్టాడు.

రెండు వారాలు గడిచాయి. ముందు పళ్ళ మధ్య సందు రావాలి, రాలేదు. డాక్టరుగారు కొలిచాడు. స్కేలు మార్చి మళ్ళీ కొలిచాడు.

"అమ్మా, రోజూ తిప్పుతున్నారా?"

"ఒక్క పూట మానలేదండీ. పొద్దున తిప్పుతా, సాయంత్రం తిప్పుతా."

"రెండుసార్లెందుకు?"

"పొద్దున తిప్పగానే పాపం మొహమంతా బిగుసుకుపోతుందండీ ఆయనకి. అన్నం సహించదు. అందుకని సాయంత్రం మళ్ళీ వెనక్కి తిప్పేస్తా."

డాక్టరుగారు రోగులు కూర్చునే కుర్చీలో తానే కూలబడ్డాడు. అక్కణ్ణించే చెయ్యి చాపాడు.

"ఆ తాళంచెవి ఇలా ఇవ్వండమ్మా. మీరు ఇంత ప్రేమగా చూసుకుంటే ఈయన దవడ ఈ జన్మలో పెరగదు. నేనే తిప్పుతా. ఎలాగూ అదే బస్సులో ఇంటికి పోతాను. పార్కు దగ్గరే మా ఇల్లు."

ఆ రోజు నుంచి అయిదూ నలభై బస్సులో వైద్యం మొదలైంది. క్లినిక్ స్టాపులో డాక్టరుగారు ఎక్కేవాడు. చిన్న టార్చి తీసి "నోరు" అనేవాడు. క్రేనన్న తెరిచేవాడు. ఎర్రలైటు పడగానే కండక్టరమ్మ కేకేసేది: "డ్రైవరన్నా, కదలకు! అన్న నోట్లో మర తిప్పుతున్నారు!" ముందు సీటు ముసలమ్మ ఒకరోజు వెనక్కి తిరిగి, "బాబూ, ఇది తెరిచే మర కదా. మా ఆయనకి పెట్టడానికి మూసే మర ఉందా?" అని అడిగింది.

మర తిప్పడం అయ్యేసరికి క్రేనన్న కళ్ళు వాలిపోయేవి. డాక్టరుగారి వాచీ బయటికొచ్చేది. కళ్ళు తెరిచేసరికి తన స్టాపు, పక్కన డాక్టరుగారు.

"మళ్ళీ దిగలేదా? పార్కు ఎప్పుడో పోయిందండీ!"

"అరెరె! లెక్కలో పడి చూసుకోలేదు."

నలభై రోజులకి పళ్ళ మధ్య బియ్యపు గింజ దూరేంత సందు వచ్చింది. మాట్లాడితే ఈల. "కుక్కరు కూయకముందే మీరు కూస్తే ఎలాగండీ, పొయ్యి ఎప్పుడు ఆపాలో తెలీడం లేదు" అని భార్య విసుక్కునేది. విసుక్కుంటూనే అందరికీ ఆ సందు చూపించేది. మెల్లగా క్రేనన్నకి సాయంత్రాలు మెలకువగా ఉండటం వచ్చింది. పార్కులో నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ ఉందని ఇన్నేళ్ళకి మొదటిసారి చూశాడు.

"అదిగో పార్కు! దిగండి! ఇవాళ నేను నిద్రపోలేదుగా?"

"వెనక సీట్లో ఒకాయన మంచి గురకలో ఉన్నాడు. అలా వదిలేసి ఎలా దిగను?"

ఆర్నెల్లు నిండాయి. మళ్ళీ పరీక్ష చేశారు. అంకె ఎనిమిది. సేఫ్టీ ఆఫీసరు కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "రేపు పైకెక్కు" అన్నాడు.

ఆ సాయంత్రం క్రేనన్న బస్సెక్కగానే కండక్టరమ్మని పిలిచాడు. "చెల్లెమ్మా, నేను మళ్ళీ క్రేనెక్కుతున్నా! అందుకని ఇవాళ డాక్టరుగారిని పార్కు స్టాపులో చెయ్యిపట్టి దింపే పూచీ నాది. ఆర్నెల్లుగా ఆ ఇంటావిడ ఎంత తిట్టుకుంటోందో!"

కండక్టరమ్మ పకపకా నవ్వింది. "పార్కు దగ్గర ఇల్లేంటన్నా? ఆయన ఉండేది క్లినిక్ మేడమీదే. మొదట్లో పార్కులో షికారుకని పోతూ నిజంగానే స్టాపు దాటిపోయేవాడు. మీ వైద్యం మొదలయ్యాక మాత్రం కావాలనే మీ స్టాపుదాకా వచ్చి, టెర్మినస్ చూసి, ఇదే బస్సులో వెనక్కి పోతున్నాడు. నిద్రలో మీ తల వాలితే గాలి ఆగుతుందని గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పట్టుకునేవాడు. ఆ చెయ్యి నెప్పెడితే ఈ చెయ్యి."

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"ఒట్టేయించుకున్నాడన్నా. మీకు తెలిస్తే మొహమాటపడి రావొద్దంటారట. తాళంచెవి మళ్ళీ వదినమ్మ చేతికి పోతుందట. మీరు క్రేనెక్కేదాకానే ఆ ఒట్టు."

క్లినిక్ స్టాపులో డాక్టరుగారు ఎక్కాడు. క్రేనన్న ఏమీ ఎరగనట్టు కాగితం చూపించాడు. డాక్టరుగారు ఎనిమిదిని వేలితో తడిమి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు. "బాగుంది. ఇక ఆ సందు మూయాలి. అదింకో ఏడాది పని" అంటూ హాయిగా వెనక్కి వాలాడు. రెండు స్టాపులు దాటకుండానే ఆయన తల పక్కకి ఒరిగింది. గురక మొదలైంది. ఉన్నట్టుండి ఆగింది.

క్రేనన్న తన వాచీ విప్పాడు. రెండు వేళ్ళు ఆయన గడ్డం కింద పెట్టి మెల్లగా పైకెత్తాడు. నిండు పెట్టెని ఓడ మీంచి ఎత్తినంత జాగ్రత్తగా. పార్కు పోయింది. ఫౌంటెన్ పోయింది.

"అన్నా, మీ స్టాపు!" అంది కండక్టరమ్మ.

"ష్! లెక్క తేలలేదు."

టెర్మినస్‌లో బస్సు ఆగిన కుదుపుకి డాక్టరుగారు కళ్ళు తెరిచాడు. ఖాళీ సీట్లు చూశాడు, క్రేనన్న చేతిలో వాచీ చూశాడు.

"నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నా."

"పద్నాలుగు సెకన్లు ఆలోచించారు డాక్టరుగారూ" అన్నాడు క్రేనన్న, ఈలతో సహా. "రేపు క్లినిక్‌లో రోగుల కుర్చీలో మీరు కూర్చోండి. తాళంచెవి మా ఆవిడకిద్దాం."