కాచి వడగట్టిన సాక్ష్యం

చేయని దొంగతనానికి ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ దొంగతనం జరగలేదని చెప్పగలిగిన సాక్షి ఒక్కటే, కుళాయి నీరు. ఆ నీటిని పరీక్షించవలసినవారు కుళాయి దాకా రానేలేదు. ఇందులో ఒక్క మాటనైనా ఇంతవరకు ఎవరూ కాదనలేదు. అలాగని జవాబూ ఇవ్వలేదు.

ఆ మనిషి నా తమ్ముడి భార్య. సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఆసుపత్రిలో బట్టలుతికే గదికి ఆమే పెద్ద. అందరూ నురగమ్మ అని పిలిచేవారు. గుప్పెడు సబ్బు పొడి సిమెంటు తొట్టిలో చల్లి, మోచేతి దాకా చెయ్యి ముంచి నాలుగు తిప్పులు తిప్పిందంటే నురగ అంచు దాటి పొర్లేది. నా తమ్ముడు పోయాక కూతురిని ఆ తొట్టి మీదే పెంచింది. ఆపరేషన్ గది దుప్పటి మీద చిన్న మరక మిగిలినా అది తన ఒంటికే అంటినట్టు ఇదైపోయేది.

"అక్కా, నీ నురగ చూసి సముద్రం సిగ్గుపడి వెనక్కి పోతోంది," అనేవాడు ఇస్త్రీ బల్ల దగ్గర ఉండే అతను.

"పోనీ. పోతూ పోతూ నీ నోరు కూడా పట్టుకుపోతే రోగులకు కాస్త నిద్ర పడుతుంది," అనేది ఆమె.

నదిలో నీరు తగ్గిందని నగర నీటి సరఫరా శాఖ తీరం వెంట బోర్లు తవ్వింది. గవ్వలు నిండిన నేలలోంచి పైకి తోడిన ఆ సున్నపు నీటిని నది నీటితో కలిపి ఇళ్ళకు వదిలింది. కలుపుతున్నామని ఎవరికీ చెప్పలేదు. గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కట్టసాగింది. కుళాయి మూతులకు సున్నం పూసినట్టయింది. తల స్నానం చేస్తే జుట్టు పీచులా బిగుసుకునేది. జనం సణుక్కుంటూనే అలవాటు పడ్డారు. కానీ రోజంతా సబ్బుతోనే పనిచేసే మనిషి ఎలా అలవాటు పడుతుంది? తొట్టిలో ఎంత పొడి వేసినా నురగ లేవదు, బూడిదరంగు తెట్టు తేలుతుంది. దుప్పట్లు ఆరాక అట్టల్లా నిలబడేవి. ఒళ్ళు దురదగా ఉందని రోగులు ఫిర్యాదు చేశారు. ఆమె ఇంకాస్త పొడి వేసి మళ్ళీ ఉతికేది, మళ్ళీ జాడించేది.

చివరికి మేనేజరు పిలిపించాడు.

"సబ్బు పొడి చూస్తే సగం నెలకే ఖాళీ. బట్టలు చూస్తే ఇలా ఉన్నాయి. పొడి ఎక్కడికి పోతోందమ్మా?"

"నీళ్ళు తాగేస్తున్నాయి సార్."

"నీళ్ళు సబ్బు తాగుతాయా? నా చెవిలో పువ్వులు కనపడుతున్నాయా నీకు?"

"ఒక్కసారి తొట్టి దగ్గరికి రండి సార్, మీ ఎదురుగానే కలిపి చూపిస్తాను."

"ఇంక నేను బట్టలుతకడం నేర్చుకోవాలి, అంతేగా?"

ఆయన రాలేదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పగానే నీటి సరఫరా శాఖకు ఫిర్యాదు రాశాను. ఫిర్యాదు వచ్చిన చోటికి తమ ఉద్యోగిని పంపి, కుళాయి నుంచే నేరుగా నమూనా తీసుకోవాలని ఆ శాఖ నియమాలే చెబుతున్నాయి. ఆ నియమాల ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. వారు మాత్రం ఎవరినీ పంపలేదు. ఒక సీసాలో నీళ్ళు పట్టి పంపించండి, చాలు, అని కబురు చేశారు. ఆమే సీసా నింపి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. నీటి కఠినత్వం, అంటే అందులోని సున్నం పాలు, పరిమితికి లోబడే ఉందని నివేదిక వచ్చింది. మేనేజరుకు అంతకంటే ఏం కావాలి? నీటిలో దోషం లేదు కనుక దోషం మనిషిదేనని, సబ్బు పొడి దొంగతనం చేసినందుకు తొలగిస్తున్నామని కాగితం చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మం పక్కనే కూలబడింది. నేను నివేదికను మళ్ళీ మళ్ళీ చదివాను. నమ్మబుద్ధి కాలేదు.

"సీసా ఎలా నింపావమ్మా?"

"శుభ్రంగానే నింపాను బావగారూ."

"శుభ్రంగా అంటే?"

"బాగా మరగకాచాను. చల్లారాక, పైన తేరిన నీళ్ళను ఉతికిన గుడ్డలో వడగట్టి పోశాను. అడుగున తెల్లగా మడ్డి దిగింది. అది పారబోశాను."

"కాచడం ఎందుకమ్మా?"

"పరీక్ష చేసే ఆఫీసరుగారు రుచి చూస్తారేమో అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో చేసినదాన్ని, పచ్చి నీళ్ళు ఎవరికైనా ఎలా ఇస్తానండీ? ఆయనకేమైనా అయితే?"

చేతిలోని నివేదికను కింద పెట్టేశాను. నీటిలో దాగిన సున్నంలో చాలా భాగం మరిగినప్పుడు విడిపోయి అడుగుకు దిగిపోతుంది. ఆమె పారబోసిన మడ్డే ఆమె నిర్దోషిత్వం.

"తప్పు చేశానా బావగారూ?"

"లేదమ్మా."

"మరి మీరెందుకలా అయిపోయారు?"

మర్నాడే నీటి సరఫరా శాఖ ఇంజనీరు ఎదుట కూర్చున్నాను.

"ఒక ఫిర్యాదుకు ఒకే పరీక్ష పెద్దాయనా. ఫలితం వచ్చేసిందిగా."

"మీరు పరీక్షించినవి కాచిన నీళ్ళు."

"కాచమని ఎవరు చెప్పారు?"

"కాచవద్దని ఎవరు చెప్పారు? మీ మనిషి ఎందుకు రాలేదు?"

"మనుషులు చాలడం లేదండీ."

ఆయన బల్ల పక్కన కొని తెచ్చుకున్న నీళ్ళ క్యాన్ ఉంది. నాకు కూడా ఒక గ్లాసు అందులోంచే పట్టించి ఇచ్చాడు. తాగకుండా లేచి వచ్చాను. ఆ తర్వాత పంపిన అర్జీలకు అందినట్టు రసీదులు వచ్చాయి, అంతే.

ఆమె ఆసుపత్రి వీధిన నడవడం మానేసింది. ఒకనాడు దుకాణంలో ఒంటి సబ్బు అడుగుతుంటే, వెనక నిలబడ్డ పొరుగింటావిడ నవ్వుతూ, "అదేంటి వదినా, నువ్వు కూడా సబ్బు కొంటున్నావా!" అన్నదట. పరాచికానికే అని ఉండవచ్చు. ఆమె చేతిలోని సబ్బును అక్కడే పెట్టేసి వచ్చేసింది. తర్వాత ఎప్పుడూ దుకాణానికి కూతురినే పంపేది.

ఆ వానాకాలంలోనే పోయింది. అవమానంతో పోయిందని నేను రాయను. గుండె జబ్బు పాతదే, వైద్యుడి కాగితాలు ఉన్నాయి. రుజువు లేని మాట ఒకరి మీద వేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. కానీ మంచం పట్టాక ఆమె నన్ను అడిగినదొక్కటే.

"మళ్ళీ పరీక్ష చేస్తారంటారా?"

"చేస్తారమ్మా."

"ఈసారి కాచను లెండి," అంది.

నీటి సరఫరా శాఖ అధికారులారా, ఆసుపత్రి యాజమాన్యమా, నేను అడుగుతున్నది దయ కాదు, మీరు ఎగ్గొట్టిన పని. ఆ తొట్టి దగ్గరికి మీరే వెళ్ళండి. ఆ కుళాయి తిప్పి, మీ చేత్తో సీసా నింపి పరీక్షించండి. వచ్చిన ఫలితాన్ని నీళ్ళు తాగే ప్రతి ఇంటికీ తెలియజేయండి. ఆమె మీద మీరు మోపిన దొంగతనాన్ని రద్దు చేసి, చేశామని ఆమె కూతురి ఇంటికి వెళ్ళి, ఇరుగుపొరుగు వినేలా చెప్పండి.