వాసన లేని సబ్బు

కీమో మొదలైన రెండో నెల నుంచి అమ్మకు ఏ వాసనా పడలేదు. పోపు వేస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. సబ్బు వాసనైతే మరీ పగ. గంధం సబ్బు, నిమ్మ సబ్బు, చంటిపిల్లల సబ్బు, ఏది తెచ్చినా స్నానాల గది గడప దగ్గరే వాంతి. చివరికి స్నానమే మానేసింది. తడిగుడ్డతో తనే ఒళ్లు తుడుచుకుని, తలకు గుడ్డ బిగించి కట్టుకుని మంచం మీద కూర్చునేది. వారం వారం కుంకుడుకాయలు కొట్టి ఇంటిల్లిపాదికీ తలకు పోసిన మనిషి, ఇప్పుడు ఆ గుడ్డ కింద తన తల ఎలా ఉందో నన్ను చూడనిచ్చేది కాదు. నాకు ఏడుపొచ్చేది, ఆ వెంటనే ఎవరి మీదో తెలియని కోపమొచ్చేది.

వాసన లేని సబ్బు కోసం పాలకుర్తిలో నాలుగు దుకాణాలు తిరిగాను. జనగామ దాకా పోయాను. "వాసన లేకుంటే అది సబ్బెట్లయితదక్కా?" అని ఒక దుకాణదారు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎక్కడో తగిలింది. నేనే చేస్తానని అక్కడే అనేసి వచ్చాను.

ఫోన్‌లో వీడియోలు చూశాను. కొబ్బరినూనె, ఆముదం, మోరీ పూడుకుపోతే వేసే కాస్టిక్ సోడా, బండి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. కావలసినవి ఇంతే. మొదటిసారి తెలియక, సిల్వర్ అని మనం పిలిచే అల్యూమినియం గిన్నెలో కలిపాను. అది బుసబుస పొంగి గిన్నెంతా నల్లబడింది. మొత్తం పారబోశాను.

"గిన్నె పాయె. ఇగ ఇల్లెప్పుడు పోతదే?" అంది అమ్మ మంచం మీద నుంచి.

రెండోసారి స్టీలు గిన్నె పెట్టాను. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, మూతికి గుడ్డ. పొయ్యి లేదు, నిప్పు లేదు. సోడా నీళ్లలో పడగానే గిన్నె ముట్టుకోలేనంత కాలింది. చల్లారాక ఆ నీళ్లను నూనెలో పోసి తిప్పుతూ కూర్చున్నాను. తోలు తినేసే నీళ్లూ, జిడ్డోడే నూనే కలిసి, నా కళ్ల ముందే గడ్డపెరుగులా చిక్కబడ్డాయి. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పుట్టిన నాటి నుంచి ఒంటికి రుద్దుకుంటున్న వస్తువు ఇలా పుడుతుందని నాకు తెలియనే తెలియదు.

మిఠాయి డబ్బాలో పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోసి, బీరువా మీద ఆరబెట్టాను. నెల పైన ఆగాలట. ఓపిక నా జాతకంలోనే లేదు. రోజూ కుర్చీ ఎక్కి గోటితో గీకి చూసేదాన్ని. గడువు తీరాక ఒక ముక్కను తడిపి నాలుక కొసకు ఆనించాను. సోడా మిగిలి ఉంటే చురుక్కుమంటుందన్నారు. అననే లేదు. మోరీలో వేసే ఆ సోడా ఎటు పోయిందో!

గర్వంగా బకెట్ తెచ్చి అమ్మ ముందే చేతులకు రుద్దుకున్నాను. నురుగు రాలేదు. నీళ్ల మీద తెల్లటి మడ్డి తేలింది. ఇన్ని రోజుల కష్టమూ గంగలో కలిసిందని సబ్బును గోడకేసి కొట్టాను. అమ్మ మెల్లగా లేచి, గోడ పట్టుకుని వంగి దాన్ని తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె కొంగు ముక్కు దాకా రాలేదు.

"సబ్బు మంచిగనే ఉన్నదే. నీళ్లే మంచిగ లెవ్వు. మన బోరు నీళ్లల్ల కందిపప్పే ఉడకదు, ఇగ నురుగేడికెల్లి వస్తది? వాన నీళ్లు పట్టు."

ఆ పప్పుతో నేనూ ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నదాన్నే. ఒక్కసారైనా తట్టలేదు. అన్ని వీడియోల్లో లేని సంగతి మంచం మీద కూర్చున్న మనిషి దగ్గర ఉంది. అన్ని మాటలు ఆమె ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

మూడు రోజులు మబ్బు ఊరించింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. "దుమ్ము నీళ్లు పోనియ్యి, ఎనక పట్టు" అని అమ్మ గుమ్మంలో నిలబడి చెబుతుంటే, స్లాబు గొట్టం కింద బకెట్లు నింపాను. నీళ్లు కాచి ఆమెను పీట మీద కూర్చోబెట్టి వీపుకు సబ్బు రుద్దాను. వచ్చింది నురుగు. తెల్లగా, మెత్తగా నా వేళ్ల సందుల్లోంచి పొంగి, ఆమె వీపు ఎముకల మీదుగా జారింది. నవ్విన నాపచేనే పండింది. నాకు ఆ దుకాణదారును పిలిచి చూపించాలనిపించింది.

"ఇంకిన్ని నీళ్లు పొయ్యి" అంది అమ్మ కళ్లు మూసుకుని. వాంతి జాడే లేదు.

అంతా అయ్యాక తువ్వాలు అందించాను. అమ్మ తీసుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి తల గుడ్డ ముడి తనే విప్పింది. గుడ్డ నా చేతికిచ్చి తల వంచింది.

"తలకు గూడ పెట్టు బిడ్డా."

తల మీదా, చెవుల వెనకా, మెడ మీదా, చిన్నప్పుడు ఆమె నాకు రుద్దినట్టే రుద్దాను.