కండెలు చుట్టిన చేతులు

కోవిడ్‌కు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, వేలూరులో నేను పనిచేస్తున్న వైద్య కళాశాల వారు రేడియాలజీ పీజీ విద్యార్థుల పరిశోధన బాధ్యత నాకు అప్పగించారు. నా రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. అది ఎవరూ కోరుకునే పదవి కాదు. మా విద్యార్థులు ఎం.డి.లో చేరేది స్కాన్లు చదవడం నేర్చుకోవడానికి. థీసిస్ వాళ్లకు తద్దినంలాంటిది, తప్పదు కాబట్టి పెడతారు. మొదటి ఏడాదే అంశం ఎంచుకుని ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి. చివరి పరీక్షకు ఆరు నెలల ముందు పుస్తకం సమర్పించాలి, లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ ధైర్యంతోనే తేదీల కాపలా నాకిచ్చినట్టున్నారు.

ఆ ఏడాది చేరిన వసంతది వేలూరు దగ్గరి గుడియాత్తం. తెలుగు నేతగాళ్ల ఇంటి పిల్ల. ఇంట్లో మాట తెలుగే అయినా చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. మగ్గం మీద లుంగీలు నేసే మేనత్తకు వేళ్లు తిమ్మిరెక్కుతాయని, అది నేత వల్లేనా తేల్చాలని వసంత పట్టుదల. నాకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. మణికట్టులో మీడియన్ నరం ఉంటుంది. చెయ్యి ఒకే కదలికను ఏళ్ల తరబడి చేస్తే అది ఉబ్బవచ్చు. అల్ట్రాసౌండులో దాని మందం కొలుస్తాం. నేసే ఆడవాళ్లను కొందరిని, అదే వయసులో ఉండి నేయని ఆడవాళ్లను కొందరిని తీసుకుని పోల్చాలి. ఈ రెండో గుంపును కంట్రోల్స్ అంటాం. ఇద్దరి తిండీ నీళ్లూ ఒకటైతే పోలిక గట్టిగా నిలుస్తుందని, వసంత మగ్గాలున్న ఇళ్లలోనే నేయనివాళ్లను వెతికి రాసుకుంది. నేను చూసి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టాను.

గుడియాత్తంలో ఒక కల్యాణ మండపంలో యంత్రం పెట్టాం. కొలిచేది నేను. ఎవరు నేస్తారో ఎవరు నేయరో నాకు తెలియకూడదు కాబట్టి తెర కట్టి, చెయ్యి మాత్రం ఇటు చాపమన్నాం. జాతకం చెప్పించుకోవడానికి వచ్చినట్టు ఒక్కొక్కరూ చెయ్యి చాపుతుంటే తెర వెనక నుంచి ఒకావిడ, "డాక్టరమ్మా, ఆయుస్సు గట్టిగా ఉండాదా?" అని అడిగింది. మండపమంతా నవ్వింది. నాకూ నవ్వాగక ఆ కొలత మళ్లీ తీయాల్సి వచ్చింది.

మూడో ఏడాది, సమర్పణకు నెల ఉందనగా లెక్కలు తేల్చాం. రెండు గుంపులకూ తేడా లేదు. నేయనివాళ్ల నరాలూ ఉబ్బే ఉన్నాయి. తేడా రాని థీసిస్ కూడా థీసిసే, పరీక్షకు అడ్డం రాదు. కానీ నేత వల్ల చేతికి ఏ హానీ లేదన్న మాట వసంత పేరుతో అచ్చవుతుంది. తన మేనత్త లాంటివాళ్లు తిమ్మిరని ఆస్పత్రికి వస్తే, రేపు ఏ డాక్టరైనా ఆ పుస్తకం చూపి పంపించేయవచ్చు. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. మా విభాగంలో ఒక పెద్దమనిషి, కంట్రోల్స్‌లో లావు నరాలున్న నలుగురైదుగురిని తీసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడు. ఫలితం చూశాక ఒక్క పేరు తీసినా, గైడుగా ముందు నా పేరు తీసేయమన్నాను. కొలతల్లో తప్పు లేదు కాబట్టి తప్పు ఎంపికలోనే ఉండాలి. శనివారం ఇద్దరం గుడియాత్తం బస్సెక్కాం.

వసంత ఇంట్లో మేనత్త మగ్గం మీద ఉంది. పక్కనే వసంత తల్లి కామాక్షమ్మ రాట్నం తిప్పుతూ, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే మమ్మల్ని కూర్చోమంది. అమ్మ ఏ గుంపులో ఉందని వసంతను అడిగాను. కంట్రోల్స్‌లో అంది. రోజుకు ఎంతసేపు చుడతారని కామాక్షమ్మను అడిగాను.

"వంట అయినంక కూచుంటే దీపాలు పెట్టే దాకా. ఇదేం పని డాక్టరమ్మా, సుమ్మా, ఊరికే చుట్టుకుంటా ఉంటాను. నేసేది మా వదిన కదా."

వసంత వంగి తల్లి మణికట్టు పట్టుకుంది. "మా అమ్మ ఏ పనీ చెయ్యదని నేనే రాసినాను మేడమ్" అంది. ఆడదాన్నై ఉండి నేను దాని కింద సంతకం పెట్టానని గుర్తొచ్చి, సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సంగతేమిటని మేనత్త మగ్గం ఆపింది. చెప్పాం. "ఆయమ్మ చుట్టకపోతే నేను నేసేది యాడ?" అంది. ముగ్గురూ నవ్వుతుంటే వసంత కూడా కళ్లు తుడుచుకుని నవ్వింది.

ఎథిక్స్ కమిటీ అనుమతితో ప్రతి కంట్రోల్‌నూ కండెలు చుడతారా అని అడిగాం. దాదాపు అందరూ చుట్టేవాళ్లే. థీసిస్‌లో మొదటి ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఎంపికలో మా పొరపాటును దాని కిందే రాశాం. అందువల్ల ఈ కొలతలతో నేత గురించి ఏదీ తేల్చలేమనీ, కొత్త అధ్యయనం చేయాలనీ ముగించాం. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గరే ఆగి, కండె ఎలా చుడతారని అడిగాడట. వసంత గాలిలో రాట్నం తిప్పి చూపిస్తే, ఆయనా పక్కాయనా చేతులు తిప్పి చూశారట. పాసైంది.

ఇప్పుడు వసంత చెన్నైలో ఒక కళాశాలలో పాఠాలు చెబుతోంది, తానే థీసిస్‌లకు గైడు. ఆ రెండో అధ్యయనం కూడా పూర్తి చేసింది. నేసేవాళ్లు, చుట్టేవాళ్లు, రెండూ చేయనివాళ్లు అని మూడు గుంపులు. మొదటి రెండు గుంపుల్లోనూ నరం ఉబ్బింది. ఆ వ్యాసం పత్రికలో అచ్చయి వచ్చాక తల్లికి తెలుగులో చెప్పి వినిపించింది. తన పేరు యాడ ఉండాదని అడిగిందట కామాక్షమ్మ. పేర్లు వేయకూడదని వసంత చెప్పింది. "పోనీలే, పని అని రాసినావు కదా" అందట ఆమె.

ఫలితం చూశాక జాబితా ముట్టుకోకూడదన్నది నాకు ముందే తెలుసు. మనుషులను ఏం పని చేస్తారని అడిగితే చాలదని, పొద్దుటి నుంచి వాళ్ల చేతులు ఏమేం చేస్తాయో అడగాలని అక్కడ తెలిసింది. అది తెలియడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు పట్టింది. వసంత మూడో ఏడాదిలోనే నేర్చుకుంది.