కుడి బూటు

హెడ్ మేస్త్రీ అని అందరూ పిలిచే ఆ మనిషి రేసు కార్ల ఇంజన్ల మీద మూతలా కూర్చునే హెడ్లు తప్ప మరోటి ముట్టుకోడు. పొద్దున్నే వచ్చి, ఉసూరుమంటూ స్టూలు మీద కూలబడి, వాల్వులను మూసే స్ప్రింగులను ఒక్కొక్కటే ప్రెస్సులో నొక్కి, బిగువు చూపే ముల్లు ఎక్కడ ఆగిందో చూసి నిట్టూరుస్తాడు. మెత్తటి స్ప్రింగు వేస్తే ఇంజన్ హాయిగా తిరుగుతుంది గానీ, వేగం హద్దు మీరితే వాల్వు వేళకు మూసుకోక, పిస్టన్‌కి తగిలి, అంతా ముక్కలవుతుంది. గట్టిది వేస్తే ఆ భయం లేదు. కాకపోతే వాల్వులను తెరిచే కామ్ షాఫ్టును రోజూ కాస్త కొరుక్కు తింటుంది. ఏది వేయాలో తేల్చేటప్పుడు ఆయన నడిపేవాళ్ల మాట నమ్మడు. "నేను హద్దు దాటను మేస్త్రీగారూ" అని అందరూ పాడేది ఒకటే పాట. విని విని ఆయనకు విసుగు కూడా పోయింది. "ఆ కుడి బూటు ఒకసారి ఎత్తు బాబూ" అంటాడు. యాక్సిలరేటర్ తొక్కేచోట అడుగు అరిగి ఉంటే, గట్టిదే.

మొన్న కూతురు తన రేసు కారు హెడ్డు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కాలు మీద కాలు వేసుకు కూర్చుంది. "మెత్తవే వెయ్యి నాన్నా. ఇక నెమ్మదిగానే పోతానని అమ్మకి మాటిచ్చాను." సరేనని ఆయన మెత్తటి స్ప్రింగుల డబ్బా విప్పాడు. జారిపడ్డ వాషరు కోసం వంగినప్పుడు ఆమె కుడి బూటు కనిపించింది. అడుగు కాగితంలా పలచబడి ఉంది. వంగినవాడికి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి, విప్పిన డబ్బా మూసేసి, గట్టివి తీశాడు.

"అవి కామ్‌ని తినేస్తాయంటావుగా?"

"తిననీ అమ్మా. కామ్ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు."

ఆమె కుడికాలు మెల్లగా కిందికి దించుకుంది.