నేను విప్పించిన కట్టు

మా క్లినిక్ హూడిలో ఒక మందుల షాపు పైన ఉంది. బోర్డు మీద కైరోప్రాక్టిక్, అంటే చేతులతో కీళ్లు సరిచేసే వైద్యం, అన్న మాట ఉండటంతో వచ్చేవాళ్లలో సగం మంది యూట్యూబ్ చూసి వస్తారు. మెడ పట్టి తిప్పితే టక్కుమని శబ్దం రావాలి, రాకపోతే వైద్యం జరగనట్టే. నేను ఎక్కువగా చూసేది గర్భిణులను, పాలు తాగే పసివాళ్లను. వాళ్ల దగ్గర శబ్దాలేమీ ఉండవు. టమాటా పండిందో లేదో చూడటానికి ఎంత నొక్కుతామో, పసివాళ్ల ఒంటిమీద అంతకు మించి నొక్కకూడదు. "ఇంతేనా మేడమ్?" అని అడుగుతూ చెప్పులేసుకుంటారు. ఇంతే అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ, ఈ ప్రశ్నకు మాత్రం అలవాటు పడ్డాను.

ఆ అమ్మాయి ఏడో నెలలో వచ్చింది. గుంటూరు వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలంటే పొత్తికడుపు కింద ఎముక దగ్గర ప్రాణం పోయేంత నొప్పి. పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, తుంటి కండరాలు మెల్లగా సడలించాను. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని ఒకేసారి తిరగడం నేర్పాను. నెల తిరక్కుండానే మా మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. అప్పటి నుంచి నేనేం చెప్పినా ఆ పిల్లకు వేదం. అది నాకు బాగానే నచ్చిందని ఒప్పుకోవాలి.

బాబు పుట్టాక ఫోన్ చేసింది. మామూలు కాన్పే, కానీ పిల్లాడు బొద్దుగా ఉండటంతో భుజం దగ్గర కాసేపు ఇరుక్కున్నాడట. ఆ మాట విన్నాను, శుభాకాంక్షలు చెప్పాను, పెట్టేశాను.

పన్నెండో రోజు మళ్లీ ఫోన్. ఈసారి ఏడుపు. బాబు కుడి రొమ్ము తాగుతున్నాడు, ఎడమవైపు పడుకోబెడితే చాలు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పుట్టినప్పటి బరువు కూడా ఇంకా రాలేదు. ఇంకో వారం చూసి డబ్బా పాలు మొదలుపెడదామని పిల్లల డాక్టరు అన్నారు. వాళ్లమ్మేమో ఆ పక్క నీకు పాలే పడలేదు పొమ్మంటోంది. "నా పాలే తాగాలి మేడమ్, రెండు వైపులా తాగితే చాలు" అంది. అంతకు మించి ఆ పిల్లకు ఇంకే కోరికా లేదు.

మర్నాడు పొద్దున్నే కాడుగోడి దగ్గర వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. స్నానం వేళ అది. బాత్రూమ్‌లో పీట మీద ఒక అవ్వ కాళ్లు బారజాపి కూర్చుని, చీర మోకాళ్లపైకి దోపుకుని, బాబును కాళ్ల మీద బోర్లా వేసి నీళ్లు పోస్తోంది. కాడుగోడిలో ఈ అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ కన్నడవాళ్ల మధ్య ఉన్న తెలుగువాళ్ల మనిషి. ఆ చుట్టుపక్కల ఎంతమంది పిల్లలకు నీళ్లు పోసిందో ఆవిడకే లెక్క తెలియదట.

నీళ్లు పోసే ఆడవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ముక్కులో నూనె చుక్కలు, చెవుల్లో ఊదడం, ముక్కు లాగడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం. నా దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ ఇవన్నీ వద్దని ఒక ఉపన్యాసం ఇస్తాను. ఈ అవ్వ వాటిలో ఒక్కటే చేసింది, ముక్కు కొస పట్టి లాగింది. నాకు ఆ ఒక్కటీ చాలింది.

ఒళ్లు తుడిచాక పాత నేత చీర పేలిక ఒకటి తీసి, బాబు కుడి చేతిని మడిచి ఛాతీకి ఆనించి కట్టింది.

"చెయ్యి ఎందుకు కట్టేశావవ్వా?" అన్నాను.

"ఈ చెయ్యి ఎత్తితే ఏడుస్తా ఉండాడు తల్లీ. ఈడ బొమిక మింద గంటు మాదిరి ఏందో ఉండాది. కదలకుండా పెడితే అదే కూడుకుంటాది."

గంటు అంటే ముడి. ఆవిడ వేలు పెట్టి చూపించింది కూడా. నేను ఆ వేలు వైపు చూడలేదు. నా చెయ్యి అప్పటికే మెడ మీద ఉంది. తల ఎప్పుడూ ఎడమకే తిప్పి ఉంచుతున్నాడు, మెడ కుడిపక్క కండరం తాడులా బిగుసుకుంది. ఇలాంటి మెడలు ఎన్ని చూశానో! వేళ్లు పూర్తిగా తడమకముందే జవాబు నా దగ్గర తయారుగా ఉంది.

"మెడ పట్టింది. ఎముకలకేం కాలేదు" అని కట్టు నేనే విప్పేశాను. పసివాళ్ల చేతులు ఆడుతూ ఉండాలని ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత తల్లికి వ్యాయామం నేర్పాను. ఒక చేత్తో కుడి భుజాన్ని కదలకుండా అదిమి ఉంచాలి, రెండో చేత్తో తలను కుడివైపు తిప్పి పది లెక్కపెట్టాలి. రోజుకు ఐదుసార్లు. బాబు మొహం ఎర్రబడేలా ఏడ్చాడు.

"ఏడుస్తాడు. చెయ్యి మాత్రం తీయొద్దు" అన్నాను.

"ఆ బుజం అదమద్దు తల్లీ" అంది అవ్వ గుమ్మం దగ్గర నుంచి.

నా వైద్యం కావాలంటే ఈవిడను మానిపించండని ఆ పిల్ల వాళ్లమ్మతో అన్నాను. అవ్వకు వినబడేలాగే అన్నాను. ఆవిడ తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఆ పిల్ల మళ్లీ పిలిచింది. ఏడుపు తగ్గలేదు, పైగా ఎక్కువైంది. వెళ్లి, ఈసారి మెడ వదిలి భుజం వైపు వేలు జరిపాను. కుడి కాలర్ బోన్ మధ్యలో శనగగింజంత గడ్డ. అవ్వ చెప్పిన గంటు అదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వెంటనే ఎక్స్‌రేకి పంపాను, నేనూ వెంట వెళ్లాను.

పుట్టేటప్పుడు ఎముక చిట్లిందని, దానంతటదే అతుక్కుంటోందని పిల్లల డాక్టరు తాపీగా చెప్పారు. పెద్ద విషయం కాదట, తరచూ చూస్తారట. ఆ చేతిని మడిచి ఛాతీకి ఆనించి రెండు వారాలు మెత్తటి గుడ్డతో కట్టి ఉంచితే చాలన్నారు. ఎలా కట్టాలో చూపిస్తుంటే నేను కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి తిరిగి వస్తూ క్యాబ్‌లో ఆ పిల్లకు అంతా చెప్పాను. ఎడమ రొమ్ముకు పెట్టినప్పుడు వాడి కుడి భుజం కిందికి వచ్చి బరువు పడుతుంది, అందుకే ఏడుస్తున్నాడు, పాలు పడకపోవడం కాదు. నేను చెప్పిన వ్యాయామం తప్పు, దానివల్ల వాడికి నొప్పి పెరిగింది. అవ్వ చెప్పిందే నిజం. దాచకుండా చెప్పినందుకు కొంత తేలికపడతానని అనుకున్నాను.

ఆ పిల్ల బాబు మొహం చూస్తూ అంది. "మీరు చెయ్యి తీయొద్దన్నారని తీయలేదు మేడమ్. ఎంత ఏడ్చినా తీయలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనగలిగే నోరు నాది. ఇంటికెళ్లాక, బాబును ఎడమ చంక కింద పెట్టుకుని కాళ్లు వెనక్కి వచ్చేలా పట్టుకుంటే కుడి భుజం మీద బరువు పడదని చూపించాను. వాడు నోరు పెడతాడో లేదో చూడటానికి ఆగలేదు. ఆ పిల్ల ఎదురుగా కూర్చోలేక వచ్చేశాను.

రెండు రోజులు నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను. ఆదివారం కాడుగోడి స్టేషన్ అవతల పాత ఇళ్లలో అడుగుతూ అడుగుతూ అవ్వ ఇల్లు పట్టుకున్నాను. గడప మీద కూర్చుని చేటలోకి అనపకాయల గింజలు ఒలుస్తోంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ నిలబడే అప్పజెప్పాను. తప్పు నాదేనని, ఎక్స్‌రేలో ఆవిడ చెప్పిందే వచ్చిందని, రేపటి నుంచి మళ్లీ రమ్మని. నా పేరు పోతుందని భయపడ్డానని కూడా చెప్పాను. అది ఎందుకు చెప్పానో తెలియదు.

ఆవిడ చేటలోంచి తల ఎత్తకుండా అంతా విన్నది.

"అదంతా ఉండనీ తల్లీ. బిడ్డ ఎడం పక్క పాలు తాగుతా ఉండాడా?"

నాకు తెలియదు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. "తాగుతున్నాడు మేడమ్" అంది ఆ పిల్ల. "మొన్న మీరు వెళ్లిన సాయంత్రం నుంచే. మీరు ఫోన్ చేసి అడుగుతారని చూశాను."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫోన్ అవ్వ చేతికిచ్చాను.