నడిచే బెంచీలు, ఇస్తారి నీడ లెక్క

మస్కట్‌లో ఆ కాలేజీ పిల్లలు తమ ఇనుప బెంచీలకు నడకొచ్చిందని నవ్వుకునేవారు. నాలుగు బెంచీలు పొద్దున లైబ్రరీకి పడమటి పక్కన ఉంటాయి, మధ్యాహ్నానికి తూర్పు పక్కకు చేరతాయి. ఎవరు జరుపుతున్నారో ఎవరూ అడగలేదు. హాయిగా కూర్చునేవారు, అంతే.

జరిపేది ఇస్తారి. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన నలభై ఆరేళ్ల మనిషి. పన్నెండేళ్లు సైట్లలో సెంట్రింగ్ పని చేశాడు. ఎత్తుల మీద కళ్లు తిరగడం మొదలయ్యాక మూడేళ్ల కింద కాలేజీ మెయింటెనెన్స్ డ్యూటీకి మారాడు. సైట్లో వాళ్లకో అలవాటుండేది. మధ్యాహ్నం తిని నడుం వాల్చే ముందు, గోడ నీడ ఎక్కడిదాకా జరుగుతుందో లెక్కేసి, సుద్దతో గీత గీసి, దానికి ఇవతల పడుకునేవారు. లెక్క తప్పినవాడు అరగంటకే ఎండ మొహాన కొట్టి లేచేవాడు, మిగతావాళ్లు రోజంతా నవ్వేవారు. ఇక్కడ పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని బస్సు కోసం ఎండలో నిలబడటం చూశాక ఇస్తారికి మనసు ఊరుకోలేదు. మళ్లీ సుద్ద పట్టుకున్నాడు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఎహసాన్‌కు ఇది నచ్చలేదు. కరీంనగర్ మనిషే, పని తెలిసినవాడే, కానీ చేతిలో డ్రాయింగ్ ఉంటే దాన్ని దాటడు. డ్రాయింగ్‌లో బెంచీలు వాకిట్లో నట్టనడుమ, పూలకుండీల చుట్టూ ఉన్నాయి. గురువారంకల్లా అక్కడే బోల్టులేసి బిగించమన్నాడు. మళ్లీ కదిలితే వెయ్యి కిలోమీటర్ల అవతలున్న రైసూత్ సైట్‌కు పంపిస్తానని కూడా అన్నాడు. రైసూత్ మాట ఇస్తారి పెద్దగా పట్టించుకోలేదు. ఒకసారి బోల్టు పడితే ఈ పిల్లలు ఏడాదంతా ఎండలోనే అన్నదే మింగుడుపడలేదు.

గురువారం అతను డ్రిల్లింగ్ మిషన్ తెస్తుంటే తయ్యబా ఆపింది. కడప వాళ్లమ్మాయి, మస్కట్‌లోనే దార్సైట్‌లో పెరిగింది, స్టూడెంట్ కమిటీలో ఉంది. సంగతి విని, అందరి సంతకాలతో లెటర్ పెడదామంది.

“లెటర్ పైకి వోయి వచ్చేటాలకు నెలైతది బిడ్డా. బోల్టుకు గంట చాలు.”

“మరి ఏం చేస్తావన్నా?”

“సార్‌ను కూసవెడ్త.”

ఎహసాన్ చెకింగ్‌కు ఎప్పుడూ పొద్దున ఎనిమిదికే వస్తాడు. ఆ రోజు అతను ఎప్పుడు ఫోన్ చేసినా ఇస్తారి ఇంకా పని కాలేదనే చెప్పాడు. డ్రిల్లు బిట్ మార్చాడు, కొలత మళ్లీ కొలిచాడు. పదకొండుకే మొదటి బెంచీని డ్రాయింగ్ చోట ఎండలో పెట్టి, సరిగ్గా ఒంటిగంటకు పిలిచాడు. రంధ్రం పడకముందే కూర్చుని, ఊగుతుందేమో చూసి చెప్పాలని సైట్ పద్ధతి గుర్తుచేశాడు. ఎహసాన్ కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగానే లేచాడు. తయ్యబా, ఆమె స్నేహితులు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఊగుతుందా సార్?”

“ఊగుడు కాదు, కాలుతుంది. కావాలనే ఈ టైమ్‌కు పిలిచినవ్ కదా?”

“అవ్ సార్. మీరు పొద్దుగాల కూసుంటరు. పోరగాండ్ల బస్సు గిప్పుడు.”

ఎహసాన్ ప్యాంటు తడుముకుంటూ లైబ్రరీ తూర్పు నీడలోకి నడిచాడు. కాసేపు చల్లగా నిలబడ్డాక, సరే, ఇక్కడే బిగించెయ్ అన్నాడు. ఇస్తారి తల అడ్డంగా ఊపాడు. పొద్దున ఇక్కడంతా ఎండే, చలికాలం వస్తే నీడ ఇంకో పక్కకు పోతుందని వివరించాడు.

“నీడకు బోల్టేస్తే ఉంటదా సార్?”

ఎహసాన్‌కు నవ్వొచ్చింది. డ్రాయింగ్ మీద పెన్నుతో ‘కదిలే బెంచీలు’ అని రాసి సంతకం పెట్టాడు. కానీ రోజూ ఈడ్చడానికి ఇస్తారి డ్యూటీలో టైమ్ ఇవ్వలేనన్నాడు.

“మేమే జరుపుకుంటాం సార్,” అంది తయ్యబా. “ఇన్నాళ్లూ కూచునింది మేమే కదా.”

శుక్ర, శనివారాల సెలవు గడిచి, ఆదివారం మధ్యాహ్నం ఇస్తారి వచ్చేసరికి బెంచీలు అప్పటికే తూర్పు పక్కన వరసగా, మొదటిది గోడ మూల దాటి ఉన్నాయి. పిల్లలు గర్వంగా కూర్చున్నారు. పావుగంట గడిచిందో లేదో, మొదటి బెంచీ వాళ్లు కళ్లు చిట్లించడం మొదలుపెట్టారు. తప్పెక్కడుందని తయ్యబా అడిగింది.

“నీడ ఇప్పుడు యాడుందో సూసిన్రు బిడ్డా. బస్సొచ్చేటాలకు యాడుంటదో సూడాలె.”

పిల్లలు గోడ వంక, ఆకాశం వంక చూసి వాదులాడుకున్నారు. తర్వాత బెంచీకి నలుగురు చొప్పున పట్టుకుని, గోడ మూలకు ఇవతలికి జరిపారు. ఇస్తారి చెయ్యి కూడా వెయ్యలేదు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఒక్కరూ లేవలేదు.