చీర కట్టిన ప్లాస్టిక్ తల్లి

జాలర్ల ఊరు పట్టపుపాళెంలో నర్సు చదువు చదివిన మొదటి ఆడపిల్ల కామాక్షి. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి తండ్రిని అన్నానికి కేకేస్తే సముద్రంలో ఉన్న పడవలన్నీ వెనక్కి తిరిగేవట. తండ్రి పడవ మాత్రం తిరిగేది కాదు, ఆయనకు అలవాటైపోయింది. అంత గొంతు పెట్టుకుని కూడా కామాక్షి ఆసుపత్రిలో శిక్షణ మొదలైన నెలంతా నోరు మూసుకునే తిరిగింది. తెరిస్తే వాంతి అవుతుందేమోనన్నంత అసహ్యం.

కాన్పులో ప్రాణం మీదికొస్తే తల్లినీ బిడ్డనూ ఎలా కాపాడాలో పల్లె నర్సులకు నేర్పడానికి, ఆమె పనిచేసే ఆసుపత్రిలో శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పేది కామాక్షే. గదిలో నిలువెత్తు ప్లాస్టిక్ తల్లి, దాని కడుపులో బొమ్మబిడ్డ. ప్రారంభానికి పెద్దలొస్తున్నారనగానే సూపరింటెండెంటు సుధాకర్ గారికి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టి పడుకున్న ఆడబొమ్మ ముందు పెద్దమనుషులు ఎలా నిలబడతారు? కాళ్ళు రెండూ జోడించి తాడుతో కట్టించాడు. పైన వెంకటగిరి చీర చుట్టించి, ఊడకుండా కుట్లు వేయించాడు. వచ్చిన పెద్దాయన కొబ్బరికాయ కొట్టి బొమ్మకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఇంకో వారం ఆగితే హుండీ కూడా పెట్టేవాళ్ళే.

"ఇంకా పెద్దోళ్ళు వస్తుండారమ్మా, చీర విప్పబాకండి," అన్నాడు సుధాకర్.

శిక్షణకొచ్చిన నర్సులు బొమ్మ పక్కన ఫొటో దిగి, బిర్యానీ తిని, సర్టిఫికెట్టు పట్టుకుని పోయేవారు. ఏసీ చల్లగా ఉందని ఆఫీసువాళ్ళూ అక్కడే తిని, రొయ్య తోకలు బొమ్మ మంచం కిందికి ఊసేవారు. పాళెంలో పుట్టిన కామాక్షికి నీచు వాసన కొత్త కాదు. ఆ గదిలో కంపుకు మాత్రం ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆ రోజు అందరూ ఫొటోకు సర్దుకుంటుంటే, తీరంలోని చిన్న ఆసుపత్రి నుంచి వచ్చిన రోజారమణి కదల్లేదు.

"అక్కా, పోయిన నెల మా కాడ తల బయటికొచ్చి బిడ్డ భుజం ఇరుక్కునింది. ఏం చెయ్యాల్నో తెలీక తల పట్టుకుని లాగినా. బిడ్డ పోయింది. రేపు డ్యూటీలో ఇంకోటి అట్నే వస్తే, ఈ ఫొటో చూపించేదా?"

"లాగకూడదు మే. తల్లి మోకాళ్ళు పొట్టమీదికి మడవాల," అంటూ కామాక్షి బొమ్మ కాళ్ళు పట్టుకుంది. అవి విడిపోలేదు, మడత పడలేదు.

"థూ! కాన్పు నేర్పే బొమ్మకు కాళ్ళు కట్టేసి కుట్టేసినారే! ఏం బతుకులు మే ఇవి!"

ఆ కేకకు మందుల గదిలో మాత్రలు జలజలా రాలాయి. సుధాకర్ ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి చీర నిలువునా చిరిగింది, కాళ్ళ తాడు ఊడింది.

"ఏందమ్మా ఇది! రేపు పైనుంచి వస్తుండారు. ఆడబొమ్మను అట్టా బట్టల్లేకుండా..."

"బొమ్మ కాబట్టి మీ మర్యాదకు చావలేదు సార్. సిగ్గయితే బయట నిలబడండి. లేకుంటే వచ్చి ఈ కాలు పట్టుకోండి."

ఆయన పోనూ లేదు, పట్టుకోనూ లేదు. నర్సులే చెరో కాలూ మడిచి పట్టారు. ఇంకొకామె కామాక్షి చూపిన చోట పొత్తికడుపు మీద నొక్కింది. రోజారమణి మళ్ళీ తలే లాగింది. కామాక్షి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"లాగబాక అంటి గదా!"

ఈసారి భుజం జారింది. బొమ్మబిడ్డ ఒళ్ళో పడగానే రోజారమణి బావురుమంది. అది చూసి ఆఫీసు మనిషి ఒకడు ఫొటోకని ఫోనెత్తాడు.

"తీసినావంటే ఫోను సముద్రంలో ఉంటది," అంది కామాక్షి.

రోజారమణి ముక్కు చీదుకుని, బిడ్డను తిరిగి బొమ్మ కడుపులోకి తోసింది.

"కాళ్ళు పట్టుకోండక్కా. ఇంకోసారి."